గుహ ఆటలో చీకటి పడాలంటే

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో పాత కంప్యూటర్ ఆటల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. పగలూ రాత్రీ చేర్చి నాలుగు రంగులు అద్దితే అవి ఇప్పటి పిల్లలకూ నచ్చుతాయని రాశారు. నేను నంద్యాలలో డిగ్రీ విద్యార్థులకు ప్రోగ్రామింగ్ పాఠాలు చెబుతాను. మీ వ్యాసం మొదట పేర్కొన్న 'కలోసల్ కేవ్ అడ్వెంచర్'కే మా రెండో సంవత్సరం పిల్లలు ఈమధ్య పగలూ రాత్రీ చేర్చారు. అది రంగులద్దినంత సులువుగా అయ్యే పని కాదు.

ఆ ఆటలో బొమ్మలే లేవు, అన్నీ మాటలే. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో మామత్ గుహలున్నాయి. అక్కడ తాను పాకి తిరిగిన దారులను విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్ 1970ల నడుమ ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆటగా రాశాడు. 1977లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్న డాన్ వుడ్స్ దాన్ని బాగా పెంచాడు. రోడ్డు చివర చిన్న ఇటుకల ఇల్లు, చుట్టూ అడవి, ఇంట్లో తాళంచెవులు, ఇత్తడి లాంతరు. అక్కడి నుంచి వాగు వెంట దిగి, ఇనుప ఊచల మూత తాళం తీసి గుహలోకి వెళ్లాలి.

ఆ ఆటకు వేళాపాళా తెలియదన్నట్టు రాశారు, అదీ సరికాదు. అప్పట్లో ఒక్క పెద్ద కంప్యూటర్ మీద ఎందరో పనిచేసేవారు. అందుకని వుడ్స్ ఆ గుహకు వేళలు పెట్టాడు. వారపు పనిదినాల్లో ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా గుహ మూసే ఉంటుంది. ఆ వేళ వెళితే క్షమాపణ చెప్పి, ఎప్పుడు తెరుస్తారో పట్టిక చూపిస్తుంది. మరీ బతిమాలితే 30 ఎత్తుల (ఆటగాడు టైపు చేసే ఒక్కో ఆదేశం ఒక ఎత్తు) చిన్న ఆట ఆడనిస్తుంది. ఇటుకల ఇంటి మీద ఎన్నడూ పొద్దు వాలకపోయినా, ఆడేవాడి గోడ గడియారం మాత్రం ఆటకు తెలుసు. ఇలాంటి ముచ్చటను వదిలేసి రంగుల గురించి రాయడం నాకు నచ్చలేదు.

ఇక మా పిల్లల సంగతి. పాత ఫోర్‌ట్రాన్ ప్రోగ్రామును అక్కడక్కడ సరిచేసి నడిపించుకున్నారు. అందులో ప్రతి చోటుకూ ఒక అంకె ఉంది. వెలుతురున్న చోటైతే పక్కన ఒక గుర్తు. 1 నుంచి 10 దాకా ఉన్న చోట్లన్నిటికీ, అంటే రోడ్డు, ఇల్లు, అడవి, ఊచల మూత కింది గది, దాని పక్కన గులకరాళ్ల ఇరుకుదారి వగైరాలకు ఆ గుర్తుంది. సాయంత్రం ఆరు కాగానే గుర్తులన్నీ తీసేసేలా ఒక అబ్బాయి రాశాడు. ఆడి చూస్తే గుహ లోతుల్లోని అగ్నిపర్వతం కూడా సూర్యాస్తమయానికి ఆరిపోయింది! 126వ చోట వెలుతురు లావాది, 100వ చోట పచ్చని వింత కాంతి. వాటికి సూర్యుడితో పని లేదు. వెలుతురు ఎక్కడి నుంచి వస్తుందో పాత గుర్తు చెప్పదు కనుక, ఆకాశపు వెలుగుకు వేరే గుర్తు పెట్టాల్సి వచ్చింది.

అది సర్దుకున్నాక రెండో చిక్కు. చీకట్లోంచి చీకట్లోకి అడుగేస్తే గోతిలో పడి చచ్చే అవకాశం నూటికి 35 పాళ్లు అని అసలు ప్రోగ్రాములో నియమం ఉంది. గుహకది న్యాయమే. రాత్రి అడవికీ అదే వర్తించేసరికి, ఆటగాడు రోడ్డు మీద నడుస్తూ ఎముకలన్నీ విరగ్గొట్టుకుని చచ్చాడు. క్లాసంతా నవ్వింది. మా ఊరి రోడ్లను చూసే రాశారేమోనని నేనూ ఒక మాట అన్నాను.

వర్ణనలూ మార్చాలి. గులకరాళ్ల దారిలో తూర్పు కొసన మసక వెలుతురు కనిపిస్తోందని ఆట చెబుతుంది. అది ఊచల సందుల్లోంచి దిగిన పగటి వెలుగు. అర్ధరాత్రి కూడా అదే వాక్యం వస్తే ఆటగాడికి అబద్ధం చెప్పినట్టే.

అన్నిటికంటే ఎక్కువ వాదన లాంతరు మీద జరిగింది. వెలిగించి ఉంచితే అది 330 ఎత్తుల దాకా వస్తుంది. ఎత్తుకు ఆటలో ఒక నిమిషం గడిచినట్టు లెక్కవేస్తే అయిదున్నర గంటలు. ఉదయం తొమ్మిదికి బయలుదేరి లాంతరు వెలిగిస్తే మధ్యాహ్నం రెండున్నరకే ఆరిపోతుంది, రాత్రి ముఖం చూసే పనే లేదు. ఎత్తుకు అయిదు నిమిషాలైతే ఇరవై ఏడున్నర గంటలొస్తాయి. లాంతరు ఆయుష్షు పెంచేద్దామని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు, ఆ 330 మీదే ఆట నిలబడి ఉంది. గుహలో నాణేలిచ్చి కొత్త బ్యాటరీలు కొనుక్కోవచ్చు గానీ, ఆ నాణేలూ ఆటగాడు పోగుచేయాల్సిన నిధిలో భాగమే, పాయింట్లు పోతాయి. చివరికి ఒక అమ్మాయి చెప్పిన దారి పట్టాం. ఎత్తుకు అయిదు నిమిషాలు. రాత్రి బయట చుక్కల వెలుగులో నడవవచ్చు, గోతిలో పడరు, కానీ నేల మీది వస్తువులు కనబడవు. తాళంచెవులు పొద్దు ఉండగానే తీసుకోవాలి, లేదా లాంతరు ఖర్చు పెట్టాలి.

1989లో సియెర్రా సంస్థ తెచ్చిన 'హీరోస్ క్వెస్ట్'లో రాత్రయితే ఊరి ద్వారం మూసేస్తారు, దొంగ పాత్రకు అప్పుడే పని మొదలవుతుంది. రాత్రి అంటే అలా ఏదో ఒకటి మారాలి. తెర నల్లబడితే చాలదు.

గుహ లోపల మాత్రం ఏమీ మార్చనివ్వలేదు. సూర్యుడు అస్తమించాడని లోపలి వాళ్లకూ తెలపాలని ఒకరు పట్టుబట్టారు. ఎవరు చెబుతారు వాళ్లకు? మా జిల్లాలోని బెలుం గుహల్లో దీపాలు పోయిన నిమిషం నిలబడ్డవాళ్లకు ఇది వివరించనక్కరలేదు.

ఈ ఆట తర్వాతి రూపాన్ని, క్రౌథర్, వుడ్స్‌ల సమ్మతితో, ఎరిక్ రేమండ్ అనే ప్రోగ్రామర్ 2017లో సి భాషలో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. సి నేర్చిన ఏ డిగ్రీ విద్యార్థి అయినా చదువుకోగలడు. అనుబంధంలో మళ్లీ ఆటల గురించి వేసేటప్పుడు ఆ సంగతి రాయండి. పేజీ నిండా బొమ్మలు వేసే బదులు ఆ ప్రోగ్రాములోంచి ఓ పది వరుసలు అచ్చు వేయండి. మా పిల్లలు అడగమన్నది అదే.

– ఒక కంప్యూటర్ అధ్యాపకురాలు, నంద్యాల