వార్షిక నివేదిక 2024–25: ఒక పనికి ఒకే పేరు

సభ్యులందరికీ నమస్కారం. జనరల్ బాడీలో నివేదిక చదివి వినిపించే టైం ఎప్పుడూ సరిపోదు, అందుకే ఈసారి ముందే పంపుతున్నాను. ఇంట్లో నిదానంగా చదివి, అడగాల్సినవి కాగితం మీద రాసుకుని రండి. జమాఖర్చుల లెక్క కోశాధికారి విడిగా ఇస్తారు. రక్తదాన శిబిరాలు, సద్దుల బతుకమ్మ రోజు చెరువు కాడ లైట్లు, బారికేడ్లు, పల్లెల్లో నీటి పరీక్షలు, చెరువుగట్టు గుడి దగ్గర సేవ, ఇవన్నీ ఈ ఏడాది కూడా చేశాం. అయితే ఈ నివేదికలో ఎక్కువ చోటు ఆ పనులను ఎట్లా నడిపామన్నదానికే ఇస్తున్నాను, ఎందుకంటే ఈ ఏడాది మనం నేర్చుకున్నదంతా అక్కడే ఉంది.

నిరుడు జూన్ దాకా మన పనంతా వాట్సాప్‌లోనే నడిచింది. ఐదు కమిటీలకు ఐదు గ్రూపులు, అందరికీ కలిపి ఇంకొకటి. "ఆదివారం మర్రిగూడ దిక్కు ఎవరు పోతున్నరు?" అని పొద్దున అడిగితే, మధ్యాహ్నానికి ఆ మెసేజ్ పుట్టినరోజు శుభాకాంక్షల కింద ఎక్కడో పడి ఉండేది. నలుగురు బొటనవేలు గుర్తు పెట్టేవాళ్లు కానీ ఆ నలుగురిలో బండి తీసేది ఎవరో శనివారం రాత్రి దాకా తెలిసేది కాదు. ఆ ఫోన్లు చేసీ చేసీ విసుగొచ్చాకే కార్యవర్గం, ఏ పని ఎవరిదో ఎప్పటికో రాసుకునే ప్లానర్ యాప్‌కు మారాలని తీర్మానం చేసింది. మైక్రోసాఫ్ట్ కంపెనీ అర్హత ఉన్న సేవా సంస్థలకు 300 మంది వరకు బిజినెస్ బేసిక్ (మెయిల్, ఆఫీసు యాప్‌ల) లైసెన్సులు ఉచితంగా ఇస్తుంది, అందులోనే ఈ ప్లానర్ కూడా వస్తుంది. మన రిజిస్ట్రేషన్ పత్రాలు పెట్టి దరఖాస్తు చేసుకున్నాం, పరిశీలన అయ్యాక లైసెన్సులు వచ్చాయి. సంఘం పైసలు దీని కోసం ఒక్క రూపాయి కూడా ఖర్చు కాలేదు.

కమిటీకి ఒక ప్లాన్ పెట్టుకున్నాం. ప్లాన్‌లో బకెట్లు అంటే విభాగాలు, బకెట్లలో టాస్కులు అంటే పనులు, ఒక్కో టాస్కు మీద చేసేవాళ్ల పేరు, గడువు తేదీ, కింద 20 అంశాల దాకా చెక్‌లిస్టు. చెప్పుకుంటే ఇంతే, చూస్తే తేలికే. కానీ మొదటి నెలలోనే బతుకమ్మ పేరుతో రెండు ప్లాన్లు, "టెస్ట్" పేరుతో మూడు ప్లాన్లు పుట్టుకొచ్చాయి, సగం మంది ఒకదాంట్లో, సగం మంది ఇంకోదాంట్లో రాస్తున్నారు. లైసెన్సు ఉన్న ఎవరైనా కొత్త ప్లాన్ మొదలుపెట్టవచ్చు, దాని వెనక ఒక గ్రూపు, ఒక మెయిల్‌బాక్స్, ఫైళ్లకు ఒక చోటు వాటంతట అవే తయారవుతాయి. కొందరికి మాత్రమే ఆ వీలు ఉండేలా ఆపవచ్చు కానీ దానికి పైస్థాయి లైసెన్సు కావాలి, మనకున్నదాంట్లో అది రాదు. అందుకే మాటమీద నియమం పెట్టుకున్నాం: కొత్త ప్లాన్ కావాలంటే ముందు అడ్మిన్లను, అంటే సంఘం ఖాతాలన్నీ చూసుకునేవాళ్లను అడగాలి. ఆ తర్వాత ఒక్క ప్లాన్ కూడా అదనంగా పుట్టలేదు, ఇందుకు మీ అందరికీ ధన్యవాదాలు.

ఆగస్టులో జరిగింది మాత్రం అందరికీ తెలియాలి. అప్పటికి ప్రతి ప్లాన్‌లో అందరినీ ఓనర్లుగానే, అంటే తీసేసే హక్కు ఉన్నవాళ్లుగానే పెట్టాం, ఎవరినీ తక్కువ చేసినట్టు ఉండొద్దని. మన వాలంటీరు తమ్ముడొకరు తన ల్యాప్‌టాప్‌లో అవసరం లేనివి తీసేస్తూ, తన దగ్గర మాత్రమే పోతుందనుకుని రక్తదాన కమిటీ ప్లాన్ వెనకున్న గ్రూపును డిలీట్ చేశాడు. అది అందరి దగ్గరా పోయింది, దాంతోపాటు ప్లాన్ కూడా. శిబిరానికి అప్పటికి నాలుగే రోజులుంది. ఆ రాత్రి పది గంటలకు అతను ఫోన్ చేసినప్పుడు గొంతు వణుకుతోంది, నాకూ టెన్షనే. డిలీట్ చేసిన గ్రూపు 30 రోజుల దాకా అడ్మిన్ పేజీలో ఉంటుంది, అక్కడినుంచి వెనక్కి తెచ్చుకోవచ్చు. అదే చేశాం. పొద్దున లేచి చూస్తే ప్లాన్, టాస్కులు, చెక్‌లిస్టులు అన్నీ ఉన్నాయి. ఆ తమ్ముడి మీద నాకు ఏ కోపమూ లేదు, వెంటనే ఫోన్ చేసి చెప్పాడు కాబట్టే తిరిగొచ్చింది, దాచి ఉంటే నెల గడిచిపోయేది. గ్రూపు వచ్చినట్టే విడి టాస్కు కూడా తిరిగొస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు, కాబట్టి దయచేసి ఏ టాస్కునూ డిలీట్ చేయకండి, పని అయిపోతే పూర్తయిందని గుర్తు పెట్టండి, చాలు. ఇప్పుడు ప్రతి ప్లాన్‌కు ఇద్దరే ఓనర్లు, సంఘం మొత్తానికి ఇద్దరు అడ్మిన్లు, ఆ ఇద్దరి ఖాతాలకు రెండంచెల లాగిన్. ఒకరి ఫోన్ పోయినా రెండోవారు తలుపు తీయగలగాలి. నెలనెలా ప్రతి ప్లాన్‌ను ఎక్సెల్‌లోకి దించి ఆఫీసు పెన్‌డ్రైవ్‌లో పెడుతున్నాం.

ఇక చెరువుగట్టు. మాఘమాసంలో రామలింగేశ్వరుని బ్రహ్మోత్సవాలకు వచ్చే జనం సంగతి మీకు తెలిసిందే. గుట్ట కింద మంచినీళ్లు మన బాధ్యత. "నీళ్ల ట్యాంకరుకు చెప్పడం" అనే టాస్కు మీద ముగ్గురి పేర్లున్నాయి, ముగ్గురూ నమ్మకస్తులే. అగ్నిగుండాల రాత్రి పదకొండు దాటాక నేను మన స్టాలు దగ్గరికి వెళ్తే, స్టీలు డ్రమ్ము కాడ ఒక తల్లి చంకలో పిల్లతో నిలబడి కుళాయి తిప్పుతోంది, సీసాలోకి రెండు చుక్కలు రాలి ఆగిపోయాయి. ఆమె వెనక నలభై యాభై మంది లైన్లో ఉన్నారు. ట్యాంకరుకు ఎవరూ ఫోన్ చేయలేదు. మొదటివారు రెండోవారు చేశారనుకున్నారు, రెండోవారు మూడోవారు చేశారనుకున్నారు, మూడోవారికి టాస్కు మీద ఇంకో రెండు పేర్లు కనిపించాయి. నార్కట్‌పల్లి నుంచి ట్యాంకరు వచ్చేసరికి పన్నెండున్నర అయింది. ఆ గంటన్నర మన స్టాలు ముందు జనం ఎండిన గొంతులతో నిలబడ్డారు, ఇది ఈ సంవత్సరం మన సంఘం చేసిన పెద్ద తప్పు, కార్యదర్శిగా ఆ బాధ్యత నాదే.

అప్పటినుంచి ఒక టాస్కుకు ఒకే పేరు. యాప్ పదిమంది పేర్లు పెట్టనిస్తుంది, మనం పెట్టం. సాయం చేసేవాళ్ల పేర్లు చెక్‌లిస్టులో రాస్తాం, కానీ అడిగితే జవాబు చెప్పాల్సింది పైనున్న ఒక్కరే. ఆ ఒక్కరికి వీలు కాకపోతే టాస్కు మీద తన పేరు తీసి ఇంకొకరి పేరు పెట్టి, ఆ మనిషికి ఫోన్ చేసి చెప్పాలి. పేరు మార్చి ఊరుకుంటే మార్చినట్టు కాదు.

అమావాస్యల సంగతి కూడా చెప్పాలి. ప్రతి అమావాస్య రాత్రి గట్టుకు భక్తులు వస్తారు, మన వాలంటీర్లు వెళ్తారు, కాబట్టి దాన్ని నెలకోసారి తనంతట తాను వచ్చే టాస్కుగా పెట్టాం. రెండు నెలలకే తేడా కొట్టింది. యాప్‌కు తిథులు తెలియవు, దానికి తెలిసింది తేదీ మాత్రమే. ఏప్రిల్ 27న అమావాస్య, తర్వాతది మే 26 రాత్రి, యాప్ మాత్రం మే 27న గుర్తు చేస్తుంది, అంటే జనం కొండ దిగి ఇళ్లకు పోయాక. ఇంకోటి, ఇట్లా తిరిగొచ్చే టాస్కు ముందుది పూర్తయిందని గుర్తు పెడితేనే మళ్లీ వస్తుంది. ఆఫీసు మీది వాటర్ ట్యాంకు కడగడం అట్లాగే ఆగిపోయింది: కడిగిన అన్న గుర్తు పెట్టడం మరిచారు, తర్వాతి టాస్కు పుట్టనే లేదు, మూడు నెలలు ఎవరికీ గుర్తు రాలేదు.

నీటి పరీక్షల కమిటీ యాప్‌ను అందరికంటే బాగా వాడింది, ఇది నేను మనస్ఫూర్తిగా చెప్తున్నాను. మన నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ కథ వేరే చెప్పనక్కర్లేదు. మిషన్ భగీరథ నల్లా వచ్చాక కూడా పైపు పగిలిన రోజు బోరు నీళ్లే దిక్కు. ఒక్కో బోరుకు ఒక్కో టాస్కు, దానికి పరీక్ష గొట్టం ఫోటో, గులాబీ రంగు పసుపు దిక్కు తిరిగేకొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువన్నట్టు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే ఆకుపచ్చ లేబుల్, 1 నుంచి 1.5 మధ్య పసుపు, 1.5 దాటితే ఎరుపు. ప్లాన్ తెరవగానే ఎర్రవి ఏ ఊరి దిక్కు ఎక్కువున్నాయో కనబడుతుంది. ఈ కమిటీలో రిటైరైన సార్ ఒకరు ఫోన్‌లో టైపు చేయడం కష్టమని మైకు నొక్కి తెలుగులో చెప్తారు, గూగుల్ కీబోర్డు జీబోర్డు రాసుకుంటుంది. ఆయన నోట్సు చదివితే ఆ బోరు పక్కన ఏ చెట్టుందో కూడా తెలుస్తుంది.

రక్తదాతల ఫోన్ నంబర్లు, బ్లడ్ గ్రూపులు మాత్రం టాస్కుల్లో రాయవద్దు. ప్లాన్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ ప్రతి టాస్కూ కనిపిస్తుంది, ఒక్కదాన్ని విడిగా దాచే వీల్లేదు. నమ్మి ఇచ్చిన వివరాలవి, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం లేకపోయినా మనం కాపాడాల్సినవే. అవి పాత రిజిస్టరులోనే, తాళం వేసిన బీరువాలోనే ఉంటాయి.

ఉద్యోగానికో పెళ్లి అయ్యో హైదరాబాద్ వెళ్లిపోయేవాళ్లు వెళ్లేముందు అడ్మిన్లకు ఒక్క మాట చెప్పండి. మీ ఖాతా మూసేముందు మీ పేరు మీదున్న టాస్కులు ఇంకొకరికి మార్చాలి. ఈ ఏడాది ఒక అక్క వెళ్లాక ఆమె పేరు మీద తొమ్మిది టాస్కులు రెండు నెలలు అట్లాగే నిలిచిపోయాయి.

జనరల్ బాడీ అయ్యాక సొసైటీల రిజిస్ట్రార్‌కు ఇవ్వాల్సిన కొత్త కమిటీ జాబితా టాస్కు నా పేరు మీద ఉంది. విశ్వావసు నామ సంవత్సర పంచాంగం ఆఫీసులో పెట్టాను. జనరల్ బాడీ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏడాది అమావాస్యలన్నీ యాప్‌లో ఒక్కొక్కటిగా చేత్తో ఎక్కిద్దాం, ఒక్కోదానికి ఒక్కరి పేరు. ఏ రాత్రి మీకు వీలవుతుందో ఇంట్లో అడిగి రండి.