అడగలేకపోయిన ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్లకు

నాకు ప్రొస్టేట్ (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ ఆపరేషన్ అయి 14 నెలలైంది. మొన్నటి రక్తపరీక్షలో కూడా పీఎస్ఏ (ఈ క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూపించే అంకె) దాదాపు సున్నాగానే ఉంది. కొందరికి థాంక్స్ చెప్పాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా, విషయం అలాంటిది కాబట్టి బిడియపడి ఇన్నాళ్లూ ఆగిపోయాను.

బయాప్సీలో గ్లీసన్ స్కోరు (క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పేది) 3+4 వచ్చినప్పుడు నాకు 59 ఏళ్లు. క్యాన్సర్ గ్రంథి దాటి బయటికి రాలేదు, ఆపరేషనో రేడియేషనో తేల్చుకోండి అన్నారు మొదటి డాక్టరు. సంసార జీవితం సంగతి ఏమిటని ఎలాగో గొంతు పెగుల్చుకుని అడిగితే "ఈ వయసులో ఇంకా అదెందుకండీ, ముందు ప్రాణం చూసుకోండి" అని ఫైలు మూసేశారు. పక్కన మా ఆవిడ ఉంది. తల ఎత్తలేకపోయాను. ప్రాణం మీద తీపి ఎవరికి ఉండదు? కానీ ఇన్నేళ్ల కాపురంలో మా ఇద్దరి మధ్య ఉన్న ఆ దగ్గరితనం పోతుందేమో అనే భయం కూడా నాకు చిన్నదేం కాదు, దాన్ని అలా తీసిపారేస్తే చాలా బాధేసింది.

అప్పుడు ఫోన్ చేశారు, వరసకు నాకు అన్నయ్య అయ్యే ఒకాయన. ఆయనకు ఆరేళ్ల కిందట ఇదే ఆపరేషన్ అయిందని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు. "ఒరేయ్, నువ్వు ఎలాగూ అడగవు, నేనే చెప్తా విను" అని మొదలుపెట్టి ఏదీ దాచకుండా చెప్పారు. గ్రంథితో పాటు వీర్యకోశాలు కూడా తీసేస్తారు కాబట్టి వీర్యం ఇక రాదు, అయినా సుఖం మాత్రం కలుగుతుంది, మొదట్లో ఆ సమయంలో మూత్రం చుక్కలు పడొచ్చు, ముందే బాత్‌రూంకి వెళ్లొస్తే చాలావరకు సరిపోతుంది, అంగం కాస్త పొట్టైనట్టు కూడా అనిపిస్తుంది, కంగారు పడకు అన్నారు. ఇవన్నీ ముందే విని ఉండకపోతే ఆపరేషన్ తర్వాత నేను బెంబేలెత్తిపోయేవాణ్ణి. అన్నయ్యా, మీ రుణం తీర్చుకోలేను.

రెండో అభిప్రాయం కోసం వెళ్లిన డాక్టరుగారు ముందు, ఇప్పుడు మీకు అంగస్తంభన ఎలా ఉంది అని అడిగారు, తర్వాత ఎంత తేరుకుంటామన్నది చాలావరకు దాని మీదే ఆధారపడుతుందట. నా రిపోర్టు వెనకాలే గ్రంథి బొమ్మ గీసి, అంగస్తంభన నరాలు దానికి రెండు పక్కలా అంటుకుని ఎలా వెళ్తాయో చూపించి, మీకు ఎడమవైపు గడ్డ అంచుకు దగ్గరగా ఉంది, కుడివైపు నరాలను కాపాడతానని మాత్రమే నేను మాట ఇవ్వగలను, అవీ కోలుకోవడానికి ఏడాదిన్నర రెండేళ్లు పట్టొచ్చు అని ఉన్నదున్నట్టు చెప్పారు. రేడియేషన్‌లో వెంటనే తేడా తెలియకపోయినా రెండు మూడేళ్లలో అంగస్తంభన మెల్లగా తగ్గుతూ వస్తుందని, నా కేసులో దానితో పాటు హార్మోన్ ఇంజెక్షన్లు కూడా అవసరమని, అవి వాడుతున్నన్నాళ్లూ అసలు కోరికే సన్నగిల్లుతుందని చెప్పారు. అదే అంత దూకుడు లేని గ్లీసన్ 3+3 అయితే వైద్యం మొదలుపెట్టకుండా పరీక్షలతో కనిపెట్టి ఉండమనేదాన్ని అన్నారు. బ్రిటన్‌లో 1,643 మందిని మూడు గుంపులుగా 15 ఏళ్లు గమనిస్తే, ఏ దారిలో వెళ్లినవాళ్లలోనైనా ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్లు నూటికి ముగ్గురే అని ఆవిడ చెప్పాక నా టెన్షన్ సగం దిగిపోయింది. ఆలోచించుకోవడానికి టైం ఉంది కదా అనిపించింది. నెల రోజులు ఆలోచించుకుని ఆపరేషన్ అన్నాను.

ఆపరేషన్‌కి ముందే, మూత్రం ఆపుకోవడానికి పనికొచ్చే కటి కండరాల వ్యాయామం నేర్పిన ఫిజియోథెరపిస్ట్ అమ్మాయికి కూడా థాంక్స్. మూత్రం కారుతుందని పెట్టుకునే ప్యాడ్లు మూడు నెలల్లో మానేశాను.

ఇప్పుడెలా ఉంది అంటారా, మునుపటిలా లేదు. అంగస్తంభన కోసం ఇచ్చిన మాత్ర మొదటి ఆరు నెలలు అసలు పనిచేయలేదు, ఒక రాత్రి ఏడ్చాను కూడా. ఇప్పుడు మాత్ర వేసుకుంటే కొన్నిసార్లు బాగుంటుంది, కొన్నిసార్లు అంగంలోకి రక్తం లాగే వాక్యూమ్ పంపు కావాలి. (గుండెకు నైట్రేట్ మందులు వాడేవాళ్లు మాత్రం ఈ మాత్రలు అస్సలు వేసుకోకూడదు, డాక్టర్ని అడక్కుండా కొనకండి.) ముందే తెలిసి ఒప్పుకున్నాను కాబట్టి ఎవరి మీదా కోపం లేదు.

అందరికంటే ఎక్కువ చెప్పాల్సింది మా ఆవిడకి. ఆ రెండో డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రాత్రి కూర్చుని ప్రశ్నలు రాసింది. డాక్టరు దగ్గర మొదటి మూడు ప్రశ్నలు నేనే అడిగాను, నాలుగోది చదవలేక కాగితం మడిచేశాను. ఆమె నా చేతిలోంచి తీసుకుని విప్పి, "మేం మళ్లీ ఎన్నాళ్లకి దగ్గరవ్వచ్చు డాక్టరుగారూ" అని గట్టిగానే చదివింది. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లోనే ఉంది, రిపోర్టులన్నిటికంటే పైన.