బాలానగర్ లేత్ మేస్త్రీ గారికి కృతజ్ఞతలు

కంప్యూటరు ఆదేశాల ప్రకారం గీసే, చెక్కే చిన్న సీఎన్‌సీ యంత్రం ఇంట్లోనే చేసుకోవాలని, కూడబెట్టిన 15,000 రూపాయలతో రాణీగంజ్‌లో బేరింగులు, రాడ్లు, కోఠీలో మోటార్లను నడిపే ఆర్డ్వినో బోర్డు, కొద్దికొద్దిగా స్టెప్పులుగా తిరిగే స్టెప్పర్ మోటార్లు కొని బిగించాను. ఒక అక్షం (ఒక దిశలో కదిలే భాగం) మాత్రం మధ్యలో పట్టేస్తూ, స్టెప్పులు తప్పి, చదరం గీయమంటే వంకరగా గీసేది. కొత్త మోటారు కొనే స్థోమత లేక, ఆ భాగాన్ని సంచిలో వేసుకుని మొన్న శనివారం సాయంత్రం బాలానగర్‌లోని ఒక లేత్ షాపుకు వెళ్లాను.

సగం దించిన షట్టరును మేస్త్రీ గారు నా కోసం మళ్లీ ఎత్తారు. స్క్రూను చేత్తో తిప్పి చూసి, "మోటర్ మంచిగనే ఉంది బిడ్డా, కప్లింగే వంకర ఉంది" అన్నారు. 5 మిల్లీమీటర్ల మోటారు ఇరుసును ఆ భాగాన్ని కదిపే 8 మిల్లీమీటర్ల లీడ్ స్క్రూతో కలిపే ఆ చౌక కప్లింగులో రెండు రంధ్రాలకూ కేంద్రం ఒకటి కాదని అతి సన్న తేడానూ ముల్లుతో చూపే డయల్ గేజీ పెట్టి చూపించారు. తుక్కు డబ్బాలోంచి అల్యూమినియం ముక్క ఏరి, లేత్‌లో ముక్కను పట్టి ఉంచే చక్‌లోంచి ఒక్కసారి కూడా విప్పకుండా, సన్న రంధ్రం చివరిదాకా, పెద్దది సగందాకా తొలిచి కొత్త కప్లింగు చేసిచ్చారు. నడుమ విప్పితే కేంద్రం మళ్లీ తప్పుతుందట.

డబ్బు ఎంత బతిమాలినా తీసుకోలేదు. పైగా, నా పేరైనా అడగకుండా, రాడ్లు సమాంతరంగా ఉన్నాయో లేదో చూసుకోమని తన గేజీని గుడ్డలో చుట్టి ఇచ్చారు. నా యంత్రం మొత్తంలో అంత విలువైన వస్తువు లేదు!

మేస్త్రీ గారూ, మీకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు. సోమవారం గేజీతోపాటు నేను తెచ్చిచ్చిన, నా యంత్రం చేసిన చెక్క చదరాన్ని మీరు మూలమట్టంతో కొలిచి, ఏమీ అనకుండా లేత్ పక్కన పెట్టుకున్నారు.