మన ఊలు అల్లికల సంఘం వార్షిక నివేదిక: అల్లింది తక్కువ, బాగుచేసింది ఎక్కువ

సభ్యులందరికీ నమస్తే. నివేదిక లేటయింది, తప్పు కార్యదర్శిగా నాదే.

పోయినేడాది మీటింగులో ఈసారి కొత్తవి బాగా అల్లేద్దాం అనుకున్నాం కదా, అదేం జరగలేదు. నెలనెలా కూర్చున్నప్పుడల్లా అందరూ బీరువాల్లోంచి పాత స్వెటర్లు పట్టుకొచ్చారు, మోచేతులు చిల్లులు పడ్డవి, చిమ్మెటలు తిన్నవి, దాంతో ఏడాదంతా డార్నింగే, అంటే చిల్లుల్ని పోగుతో అల్లి పూడ్చే పనే. నాకైతే ఇదే నచ్చింది, చేత్తో అల్లింది ఎన్నేళ్ళొస్తుందో ఊలు కంటే దాన్ని బాగుచేసే చెయ్యే ఎక్కువ తేలుస్తుంది.

ఒక స్వెటర్ సంగతి చెప్పాలి. ఒకావిడ వాళ్ళమ్మగారు అల్లింది తెచ్చారు, రెండు చేతుల అంచులూ పీలికలే. మణికట్టు నుంచి పైకి అల్లుంటే మా పని అయిపోయేది, ఎందుకంటే అల్లిక మొదలెట్టిన వైపు నుంచి సాఫీగా ఊడదు, ముగించిన వైపు నుంచే ఊడుతుంది. అదృష్టం, వాళ్ళమ్మగారు స్వెటర్ భుజం దగ్గర కుట్లు ఎత్తుకుని కిందికి అల్లారు. బ్రిటన్‌లో చేపలు పట్టేవాళ్ళు వేసుకునే గాన్సీలనే ఊలు స్వెటర్లకీ చేతులు ఇలాగే అల్లేవాళ్ళు, అంచు అరిగితే అంతవరకే ఊడదీసి మళ్ళీ అల్లేయొచ్చని. మేమూ గట్టి పోగు తగిలేదాకా ఊడదీసి, కుట్లు సూదికెక్కించి ఒక చెయ్యి అల్లాం. రంగు కలవలేదు, ఆవిడ పట్టించుకోలేదు.

ఇక చేదు వార్త. సంఘం శాలువా ఎవరో మెషీన్లో వేడినీళ్ళలో వేశారు (ఆ ఎవరో నేనే). ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, వేడి, సబ్బు, కుదుపు కలిస్తే ఒకదాన్నొకటి పట్టేసుకుని ఇక వదలవు. శాలువా కాస్తా తువ్వాలంత అయింది, కత్తిరించి సూదుల సంచులు కుట్టాం, అలా గట్టిపడింది కత్తిరించినా పోగులు ఊడవు కాబట్టి సరిపోయింది.

చిమ్మెటల గురించి మళ్ళీ చెప్తున్నా, తినేది ఎగిరే పురుగు కాదు, దాని పిల్లపురుగు, చెమటా మరకలూ ఉన్నచోటంటే దానికి మరీ ఇష్టం. ఉతికి ఆరాకే దాచండి. అనుమానముంటే కవర్లో గట్టిగా కట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో 2 వారాలు ఉంచండి.

గొర్రెలు వదిలే మీథేన్ మాటేంటని ఒక సభ్యుడు అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. పెంపకంలో పర్యావరణం మీద పడే భారం చిన్నదేం కాదు, నాలుగుసార్లేసి పారేస్తే ఉన్ని అయినా దండగే, ఏళ్ళ తరబడి వేసుకుంటేనే లెక్క కుదురుతుంది. యాక్రిలిక్ అయితే ఉతికినప్పుడల్లా ప్లాస్టిక్ నూగు నీళ్ళలోకి పోతుంది, ఉన్ని నూగు మట్టిలో కుళ్ళిపోతుంది. మెషీన్లో ఉతికినా ముడుచుకోని సూపర్‌వాష్ ఊలుకి మాత్రం మామూలుగా పొలుసుల్ని క్లోరిన్‌తో అరగదీసి పైన ప్లాస్టిక్ పూత వేస్తారు. నేను కొనను, పసిపిల్లల బట్టలకి కొనేవాళ్ళనీ ఏమీ అనను.

చందాలు సూదులకీ ఊలుకీ సరిపోయాయి, లెక్కలు కోశాధికారి దగ్గరున్నాయి. కొత్తగా అల్లే ప్రతిదానికీ తర్వాత బాగుచేయడానికి అదే ఊలు మూరెడు లోపలి కుట్టులో దాచిపెట్టాలన్న తీర్మానం పాసయింది. బూడిదరంగు ఊలు ఎవరి దగ్గరైనా మిగిలుంటే ఈసారి తెండి, పైన చెప్పిన స్వెటర్ రెండో చెయ్యి ఇంకా సూది మీదే ఉంది.