అన్నయ్య అప్పీలు కేసులో అండగా నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

పర్లాకిమిడి, పాతపట్నం, గుణుపురం వైపు ఉన్న మనవాళ్ళందరికీ నమస్కారం.

మా అన్నయ్య కేసు తేలింది. పనిలో చెయ్యి పోయినందుకు అన్నయ్యకి ఇవ్వాలన్న పరిహారం మీద మిల్లు యజమాని కటక్‌లో ఒడిశా హైకోర్టుకి వెళ్ళి వేసిన అప్పీలుని, పరిహారం తగ్గించకుండా కోర్టు కొట్టేసింది. డబ్బు పోయిన వారం అన్నయ్య ఖాతాలో పడింది. పెనాల్టీ ఒక్కటి మాత్రం మిగిలిపోయింది, దాని సంగతి చివర్లో చెప్తాను. నాలుగేళ్ళుగా "ఎక్కడిదాకా వచ్చింది తమ్ముడూ" అని అడగని మనిషి లేడు. దారిలో కనిపించిన ప్రతివాళ్ళకీ సగం సగం చెప్పి వచ్చేశాను. ఎవరికి ఎంత రుణపడ్డామో అందరికీ తెలియాలని ఈరోజు కూర్చుని మొత్తం రాస్తున్నాను.

2021 నవంబరు, కొత్త ధాన్యం దిగే రోజులు. అన్నయ్య ఆంధ్రా వైపు ఒక రైస్ మిల్లులో ఫిట్టరు. ఇల్లు ఒడిశాలో, పని ఆంధ్రాలో, మధ్యలో మహేంద్రతనయ. మన ఊళ్ళో ఇలా బతికేవాళ్ళు వీధికి పదిమంది. ఆ సాయంత్రం బెల్టు జారిపోతోందని, మెషిను ఆపకుండానే సరిచేయమన్నారు. బెల్టుకీ పుల్లీకీ మధ్య కుడిచెయ్యి పడింది. విశాఖ తీసుకెళ్ళేసరికి తెల్లవారింది. మణికట్టు పైదాకా తీసేశారు. అప్పటికి అన్నయ్యకి 41 నిండాయి, పిల్లలిద్దరూ బడిలో ఉన్నారు.

మొదటి దండం ఆ మిల్లులో హమాలీగా చేసిన మా బాబాయికి. రక్తసంబంధం కాదు, అన్నయ్యతో పదేళ్ళు కలిసి పనిచేసినవాడు. అందరూ ఆటో కోసం పరుగెడుతుంటే, ఆ రాత్రే ఆయన ఆఫీసు గదిలోని హాజరు పుస్తకాన్ని ఫోన్‌లో ఫొటోలు తీశాడు. పదకొండు పేజీలు. పొడుగాటి రూళ్ళ పుస్తకం, అంచులకి తవుడు అంటుకుని ఉంది. అన్నయ్య పేరు, దాని ఎదురుగా 13,000 జీతం, పండక్కి తీసుకున్న అడ్వాన్సు, అన్నీ తెలుగులో గుమాస్తా చేతిరాతతో ఉన్నాయి. వారం తిరిగేసరికి ఆ పుస్తకం మిల్లులో లేదు. "అతను మా మనిషి కాదు, లోడింగు కాంట్రాక్టరు పంపిన కూలీ" అన్నారు. బాబాయి ఇలాంటి పరిహారం కేసులు విచారించే కమిషనర్ ముందు నిలబడి సాక్ష్యం చెప్పాడు. మర్నాటి నుంచి ఆయనకి ఆ మిల్లులో పని లేదు. ఆయన ఇంటికి వెళ్ళి కాళ్ళకి దండం పెడితే "ఊరుకోరా, నా చెయ్యి పోతే మీ అన్న చెప్పడా" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

రెండో దండం మా వదినకి. సొంత మనిషికి కృతజ్ఞత ఏమిటి అనకండి. విశాఖలో ఉన్న పందొమ్మిది రోజులూ మందుల చీటీ, రక్తపరీక్ష బిల్లు, ఆటో రసీదు ఒక్కటి కూడా పారేయలేదు. తలగడ గలీబులో వేసి ముడి కట్టింది. పనిలో దెబ్బ తగిలినవాళ్ళకి పరిహారం ఇప్పించే 1923 నాటి చట్టంలో, 2009 సవరణ తర్వాత వైద్యం ఖర్చు పరిహారానికి అదనంగా, అయినంతా ఇవ్వాలని ఉండేది, అది 2010 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఆ సంగతి అప్పుడు మాకెవరికీ తెలియదు. వదినకీ తెలియదు, జాగ్రత్త మాత్రం తెలుసు. ఆ ముడి విప్పితే 62,000 రూపాయల బిల్లులు తేలాయి.

ఆసుపత్రి నుంచి వచ్చిన పదో రోజున యజమాని మనిషి 50,000 తెచ్చి స్టాంపు కాగితం మీద అన్నయ్య ఎడమ బొటనవేలు ముద్ర వేయించుకున్నాడు. "ఇంకేమీ అడగను" అని అందులో రాసి ఉందట. కుడిచెయ్యి పోయిన మనిషి చేత ఎడమ వేలిముద్ర! అయిపోయింది అనుకున్నాం. ఆ కాగితం చెల్లదని, కార్మికుడు తన పరిహారం హక్కు వదులుకుంటున్నట్టు రాసిచ్చినా చట్టం ముందు అది ఉత్త కాగితమేనని మాకు మొదట చెప్పింది న్యాయసేవల సంస్థ ఇచ్చిన లాయరమ్మ. ఆవిడకి మూడో దండం. రూపాయి తీసుకోలేదు. ఆడవాళ్ళకి, దివ్యాంగులకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయం ఎంతని చూడకుండా ఉచితంగా లాయరుని ఇవ్వాలని 1987 నాటి చట్టంలోనే ఉంది. మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు? పొలం తాకట్టు పెట్టి లాయరు ఫీజు కడుతున్నారు.

మిల్లులో పనిచేసేది ఏడుగురే, ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) లేదు. ఈఎస్ఐ ఉంటే దారి వేరు. లేదు కాబట్టి అప్పుడు అమల్లో ఉన్న ఆ 1923 నాటి పరిహార చట్టం కింద కమిషనర్ దగ్గర క్లెయిమ్ వేశాం. ప్రమాదం జరిగిన రెండేళ్ళలోపు వేయాలని అందులో ఉండేది, మేము నాలుగో నెలలోనే వేశాం. అది కూడా ఒడిశా వైపే. ప్రమాదం ఆంధ్రాలో జరిగితే అక్కడే వేయాలని అందరూ అన్నారు. కాదట. ప్రమాదం జరిగిన చోట గానీ, బాధితుడు కాపురం ఉన్న చోట గానీ, యజమాని రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న చోట గానీ వేసుకోవచ్చని ఆ చట్టంలోని 21వ సెక్షన్ చెప్పేది. అయితే దానికి ఒక మెలిక ఉండేది. ప్రమాదం జరిగిన ప్రాంతపు కమిషనర్‌కీ, ఆ రాష్ట్ర ప్రభుత్వానికీ ముందు నోటీసు పంపాకే ఇక్కడి కమిషనర్ కేసు నడపాలి. ఈ చిన్న సంగతి గుర్తుపెట్టుకుని రెండు నోటీసులూ రిజిస్టర్ పోస్టులో పంపి, తిరిగొచ్చిన గులాబీ రంగు అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డులు ఫైల్లో కుట్టి పెట్టిన ఆఫీసు గుమాస్తాగారు ఇప్పుడు రిటైరయ్యారు. అయ్యా, మీ పేరు ఇక్కడ రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆ కార్డులు కటక్ దాకా వచ్చి మమ్మల్ని కాపాడాయి.

హాజరు పుస్తకం తెలుగులో ఉంటే కేసు కాగితాలన్నీ ఒడియాలో, ఇంగ్లీషులో నడిచాయి. రిటైర్డ్ మాస్టారు ఒకరు పదకొండు పేజీలూ అనువదించి, సరిగ్గా ఉందని అఫిడవిట్ ఇచ్చారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మనది, తెలుగు చదివిపెట్టే మాస్టారు దొరకడం కష్టం కాలేదు. కానీ 74 ఏళ్ళ వయసులో వాయిదాకి బస్సెక్కి రావడం మాత్రం అందరూ చేసే పని కాదు.

ఇక డాక్టరుగారు. ఆ చట్టం వెనక ఒక పట్టిక ఉండేది. ఒక చెయ్యి పోతే 60 శాతం అని అందులో రాసి ఉంది. మామూలుగా అయితే 60 అని రాసి పంపేస్తారు. ఈయన "నువ్వు చేసే పనేంటి" అని అడిగారు. సామాన్ల సంచీ తెమ్మన్నారు. టేబులు మీద ఒక బోల్టు పెట్టి నట్టు విప్పమన్నారు. అన్నయ్య ఎడమచేత్తో స్పానరు పట్టాడు. తిప్పిన ప్రతిసారీ నట్టుతో పాటు బోల్టు కూడా తిరిగిపోయింది, దాన్ని ఆపడానికి రెండో చెయ్యి లేదు. మూడుసార్లు ప్రయత్నించి స్పానరు కింద పెట్టేశాడు. డాక్టరుగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత సర్టిఫికెట్‌లో శరీర వైకల్యం 60 అని, ఫిట్టరుగా సంపాదించే శక్తి పూర్తిగా పోయిందని విడివిడిగా రాశారు. కమిషనర్ ముందుకి వచ్చి అదే చెప్పారు, అవతలి లాయరు గంటసేపు ప్రశ్నలేసినా మాట మారలేదు.

2023 ఆగస్టులో కమిషనర్ ఆర్డరు వచ్చింది. లెక్క ఇది: సంపాదించే శక్తి పూర్తిగా పోయినట్టు తీసుకున్నారు కాబట్టి జీతం 13,000లో 60 శాతం అంటే 7,800 (ఈ 60కీ వైకల్యం 60కీ సంబంధం లేదు). దాన్ని 41 ఏళ్ళ వయసుకి చట్టంలోని ఇంకో పట్టికలో ఉన్న 181.37తో హెచ్చిస్తే 14,14,686 రూపాయలు. ప్రమాదం 2020 జనవరి తర్వాత జరిగింది కాబట్టి జీతం లెక్కలో పరిమితి 15,000, అన్నయ్యది అంతకన్నా తక్కువే. అంతకుముందు ఆ పరిమితి 8,000 ఉండేది. వడ్డీ ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడాదికి 12 శాతం. వైద్యం బిల్లులు అదనం. నెలలోపు కట్టనందుకు పెనాల్టీ కూడా వేశారు.

సంతోషం రెండు నెలలు కూడా నిలవలేదు. 60 రోజుల గడువు ముగిసేలోగా యజమాని హైకోర్టుకి వెళ్ళాడని కబురొచ్చింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుందని, బాబాయి మళ్ళీ సాక్ష్యం చెప్పాలని, డాక్టరుగారు కటక్ రావాలని టెన్షన్. హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీ ఇచ్చిన కటక్ లాయరుగారు ఫోన్‌లో నిదానంగా చెప్పారు: "ఈ చట్టం కింద అప్పీలు అంటే కేసు మళ్ళీ నడపడం కాదు బాబూ. 30వ సెక్షన్ ప్రకారం గట్టి న్యాయప్రశ్న, అంటే చట్టం అర్థం మీద సందేహం, ఉంటేనే హైకోర్టు వింటుంది. జరిగింది ఏమిటో తేల్చాల్సింది కమిషనరే, ఆ ఫైల్లో ఏముందో అదే మీ బలం." 2016లో సుప్రీంకోర్టు కర్ణాటక కేసులో ఇదే చెప్పిందట. అక్కడి హైకోర్టు సాక్ష్యాలు మళ్ళీ తూకం వేసి వైకల్యం శాతం మారిస్తే, సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఇంకో మాట కూడా చెప్పారు. యజమాని అప్పీలు వేయాలంటే ఆర్డరు ప్రకారం రావాల్సిన డబ్బు ముందు కమిషనర్ దగ్గర జమ చేసి, చేసినట్టు సర్టిఫికెట్ జతపరచాలి. అది విన్నాక వదిన రెండో రోజు పొయ్యి వెలిగించింది.

కటక్‌కి మూడుసార్లు వెళ్ళాం. చివరి వాదన పావుగంట. యజమాని తరఫున మూడు మాటలు చెప్పారు. మొదటిది, ఒడిశా కమిషనర్‌కి అధికారం లేదన్నారు. జడ్జిగారు 21వ సెక్షన్ చదివి, నోటీసులు వెళ్ళాయా అని అడిగారు. లాయరుగారు ఫైలు తిప్పి గులాబీ కార్డులు చూపించారు. రెండోది, అన్నయ్య తమ మనిషి కాదన్నారు. హాజరు పుస్తకం అనువాదం, బాబాయి సాక్ష్యం చూపించి, దీని మీద కమిషనర్ ఒక నిర్ణయానికి వచ్చాక ఇందులో న్యాయప్రశ్న ఏముందని జడ్జిగారు అడిగారు. కాంట్రాక్టరు మనిషే అనుకున్నా అసలు యజమాని బాధ్యత పోదని కూడా అన్నారు.

మూడోది మేము భయపడింది. పట్టికలో 60 ఉంటే 100 ఎలా ఇస్తారని. అది నెగ్గితే పరిహారం 8,48,811కి పడిపోతుంది. అక్కడ మా లాయరుగారు మన ఒడిశా కేసే తీశారు. 1969లో జయపురంలో ఒక సినిమా హాలులో పనిచేస్తూ పడిపోయి ఎడమచెయ్యి పోగొట్టుకున్న వడ్రంగి కేసు. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కాబట్టి పూర్తి వైకల్యమేనన్న కమిషనర్ మాటని 1975 డిసెంబరులో సుప్రీంకోర్టులో నలుగురు జడ్జీల ధర్మాసనం నిలబెట్టింది. పరిహారం ప్రమాదం జరిగిన రోజునే బాకీ పడుతుందని చెప్పిన తీర్పూ అదే. జయపురం వడ్రంగి ఆనాడు వదలకుండా పోరాడబట్టి, యాభై ఏళ్ళ తర్వాత పర్లాకిమిడి ఫిట్టరుకి అన్నం దొరికింది. ఆయన ఎవరో నేను చూడలేదు. ఆయనకీ దండం.

తీర్పు 2025 అక్టోబరులో వచ్చింది. పరిహారం, వడ్డీ, వైద్యం ఖర్చు అన్నీ ఖాయం. పెనాల్టీ మాత్రం రద్దు చేసి కమిషనర్ దగ్గరికి తిప్పి పంపారు. పెనాల్టీ వేసే ముందు ఎందుకు వేయకూడదో చెప్పుకోమని యజమానికి నోటీసు ఇవ్వాలి, అది ఇవ్వలేదట. నాకు కష్టంగానే అనిపించింది. కానీ ఆ కార్డులు ఉన్నందుకు మేము నెగ్గాం, ఈ నోటీసు లేనందుకు ఆ ముక్క పోయింది. కాగితం ఎవరికైనా కాగితమే.

మీరు కొందరు అప్పట్లో చేతిలో పెట్టిన డబ్బు, బియ్యం, పిల్లల ఫీజులు, అన్నీ ఒక పుస్తకంలో రాసి ఉన్నాయి. ఒక్కొక్కరి ఇంటికీ మేమే వస్తాం, వద్దనకండి.

అన్నయ్య ఇప్పుడు ఎడమచేత్తో సంతకం పెడుతున్నాడు. చిన్నమ్మాయి రెండు గీతల కాపీ పుస్తకంలో నెలన్నర దిద్దాడు. బ్యాంకులో మొదటిసారి సంతకం కలవక తిప్పి పంపితే, ఇంటికొచ్చి ఇంకో నాలుగు పేజీలు రాశాడు. రెండోసారి కలిసింది.

మన వైపు మిల్లులో, క్వారీలో, ఇటుకబట్టీలో దెబ్బ తగిలినవాళ్ళు ఎవరైనా ఉంటే మా ఫైలు జిరాక్సు మా షాపులో ఉంటుంది, వచ్చి చూసుకోవచ్చు. 2025 నవంబరు 21 నుంచి ఆ 1923 చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది, మాది పాత చట్టం కింద నడిచిన కేసు. కాబట్టి కొత్త ప్రమాదమైతే న్యాయసేవల ఆఫీసులో ముందు అడగండి. వచ్చేటప్పుడు చీటీలు ఏవీ పారేయకుండా తీసుకురండి.

పెనాల్టీ వాయిదా వచ్చే నెలలో ఉంది. బాబాయి మాతో వస్తానన్నాడు.