జిగురు పెట్టి అంటిస్తే రిపేరు ఎలా?

సంపాదకులు గారికి,

రెండున్నరేళ్ల నా ఫోన్‌లో చార్జింగ్ పూట కూడా నిలవడం లేదని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, "బ్యాటరీ జిగురుతో అంటించేసి ఉంటుందండీ, వేడి చేసి వెనక అద్దం ఊడదీయాలి, పగిలితే మా పూచీ లేదు, దానికన్నా కొత్తది కొనుక్కోండి" అన్నారు. స్క్రీన్ మీద ఒక్క గీత లేదు, మిగతాదంతా బంగారంలా పనిచేస్తోంది. నాలుగు స్క్రూలు బిగించాల్సిన చోట జిగురు పూసినందుకు మొత్తం ఫోనే చెత్తలో పడాలన్నమాట.

ఇదేం కొత్త రోగం కాదు. 1924లో బల్బుల కంపెనీలు జెనీవాలో ఫీబస్ అనే కూటమి కట్టి, బల్బు 1000 గంటలకు మించి వెలగకుండా చూసుకున్నాయి, ఎక్కువసేపు వెలిగేవి చేసిన సభ్యులకి జరిమానా కూడా వేశాయి (జోక్ కాదు, నిజమే).

సర్క్యులర్ ఎకానమీ (వస్తువుల్ని పారేయకుండా వీలైనంత కాలం రిపేరు చేసుకుని, మళ్లీ మళ్లీ వాడుకునే పద్ధతి) అనగానే అందరూ రీసైక్లింగ్ డబ్బా చూపిస్తారు, కానీ అది ఆఖరి మెట్టు. అల్యూమినియం అయితే సరే, కరిగించి మళ్లీ వాడితే ఖనిజం నుంచి తీసేదానికంటే సుమారు 95 శాతం శక్తి ఆదా అవుతుంది. ప్లాస్టిక్ అలా కాదు, కరిగించిన కొద్దీ నాణ్యత పడిపోతుంది. అసలు పని డిజైన్ దగ్గరే మొదలవ్వాలి: విప్పడానికి వీలుండాలి, విడిభాగాలు దొరకాలి, రిపేరు మాన్యువల్ అందరికీ ఇవ్వాలి.

ఫ్రాన్స్ 2021లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల లాంటివాటికి రిపేరు ఎంత తేలికో 10కి మార్కులు వేసి కొనేవాళ్లకి చూపించాలని రూల్ పెట్టింది. ఆ మార్కు నేను కొనేటప్పుడు కనిపించి ఉంటే ఈ ఫోన్ కచ్చితంగా తీసుకునేవాణ్ని కాదు. ప్రస్తుతానికి చార్జర్ తగిలించే వాడుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు