విరిగిన ఎముకకు ఏ గోలీ?

సంపాదకులకు,

పరకాలలో మా అత్తమ్మ జారిపడితే మణికట్టు విరిగింది. హన్మకొండలో కట్టు వేయించి తెచ్చాం. నొప్పి తగ్గట్లేదని మెడికల్ షాపుకు పోతే, చీటీ అడగకుండానే డైక్లోఫెనాక్ అనే నొప్పి గోలీల షీటు చేతిలో పెట్టారు. వారాల తరబడి మింగింది. విరిగిన చోట మొదట వచ్చే వాపుతోనే ఎముక అతుక్కునే పని మొదలవుతుంది. దానికి కావాల్సిన ప్రోస్టాగ్లాండిన్లను, అంటే ఒంట్లోనే తయారయ్యే ఒక రకం రసాయనాలను, ఈ గోలీలు తగ్గిస్తాయి. కొద్దిరోజులకు ఏం కాదనే డాక్టర్లూ ఉన్నారు, అసలే వద్దనేవాళ్లూ ఉన్నారు. అలాంటప్పుడు ముందు పారాసిటమాల్‌తో చూడొచ్చు కదా!

నా అసలు కోపం స్టెరాయిడ్ల మీద. మోకాళ్ల నొప్పులని పోతే ఊళ్లలో కొందరు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ గోలీలను పేరు చెప్పకుండా కాగితంలో పొట్లం కట్టి ఇస్తున్నారు. రెండు రోజుల్లో నొప్పి మాయం, పేషెంటు ఖుషీ. ఏళ్లకేళ్లు మింగితే ఎముక గుల్లబారుతుంది, విరిగితే తొందరగా అతకదు. భయపడి ఒక్కసారే మానేసినా ప్రమాదమే, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. ఏం మింగుతున్నామో తెలిస్తే కదా డాక్టరుకు చెప్పేది? విడి గోలీల పొట్లాల మీద మందు పేరు రాయించే బాధ్యత డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు తీసుకోవాలి.

– ఒక రిటైర్డ్ టీచర్, హన్మకొండ